అద్దె పుస్తకాల అక్కయ్య జవాబులు: ఈ నెల ప్రేమ నవలలు, జపాన్ బొమ్మల కథలు

పోయిన సంచికలో జపాన్‌లో ఆడపిల్లల కోసం వచ్చే బొమ్మల కథల గురించి ఒక చిన్న జవాబు రాశాను. అక్కడ వాటిని షోజో మాంగా అంటారు. షోజో అంటే ఎదిగే వయసు ఆడపిల్ల. ఆ ఒక్క జవాబుకు ఇన్ని ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈ నెల శీర్షిక అంతా వాటికే. హనుమకొండలో ఇరవై రెండేళ్ళు అద్దె నవలల షాపు నడిపాను. ప్రేమ నవల రాసేవాళ్ళను, బొమ్మల కథలు గీసేవాళ్ళను ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది. ఆ సంగతి దాచుకోను.

ప్రశ్న: అక్కయ్య గారూ, మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. జువాలజీ రికార్డు వెనక పేజీల నిండా పెద్ద పెద్ద కళ్ళ అమ్మాయిలను గీస్తోంది. అడిగితే జపాన్ వాళ్ళలా బొమ్మల కథలు గీస్తానంటోంది. మొన్న వాళ్ళ నాన్న కోపంలో ఒక నోటుబుక్కు చింపేశారు. అప్పటి నుంచి అది అన్నం సరిగా తినడం లేదు. అసలు ఇది బతుకుదెరువు అవుతుందా? (ఒక తల్లి, పరకాల)

జవాబు: అమ్మా, ఈ జవాబు చదివిన సాయంత్రమే బజారుకు వెళ్ళి గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం ఒకటి కొనండి. దాన్ని వాళ్ళ నాన్న చేతుల మీదుగానే ఇప్పించండి. చింపిన పుస్తకంలో ఏ కథ ఉందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. అది తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. మిగతా మాటలన్నీ ఆ పుస్తకం ఇచ్చాక.

జపాన్‌లో ఈ పని చాలామందికి అన్నం పెట్టింది. మచికో సతొనాకా గారికి మొదటి కథతో బహుమతి వచ్చింది 1964లో. అప్పటికి ఆవిడ పదహారేళ్ళ హైస్కూలు పిల్ల, అంటే మీ అమ్మాయి ఈడుదే. కొడాన్షా అనే పెద్ద ప్రచురణ సంస్థ కొత్తవాళ్ళ కోసం పెట్టిన మొదటి బహుమతి అది. అప్పటి నుంచి ఆవిడకు అదే వృత్తి. బైపీసీ అన్నారు కాబట్టి ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. 'సైలర్ మూన్' గీసిన నావోకో తకేయుచి గారు చదివింది ఫార్మసీ. పట్టా తీసుకుని, ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసిన మనిషి. మన కాకతీయ విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదివే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తుకు వస్తారు. పేజీకి ఇంత అని డబ్బు ఇచ్చి ఇలాంటి కథలు వేసే పత్రికలు అక్కడ ఉన్నట్టు మన దగ్గర లేవు. కాబట్టి చదువు మానిపించమని నేను చెప్పను. చదువుతో పాటు బొమ్మను కూడా బతకనివ్వమంటున్నాను.

ఇంట్లో వద్దనడం మీ ఒక్క ఇంటి కథ కాదు. మోతో హగియో గారిది ఒముతా. మన భూపాలపల్లి లాగే బొగ్గు గనుల ఊరు. తల్లిదండ్రులకు కూతురు బొమ్మల కథలు గీయడం ఇష్టం లేదు. పేరు వచ్చాక కూడా చాలాకాలం ఇష్టపడలేదు. ఆవిడ టోక్యోకు వచ్చి, 1970ల మొదట్లో ఒయిజుమి అనే శివారులో కేకో తకెమియా అనే మరో చిత్రకారిణితో కలిసి ఒక ఇంట్లో ఉన్నారు. వయసులో వాళ్ళంతటి అమ్మాయిలు వచ్చి పోతుండేవారు, పుస్తకాలు చేతులు మారుతుండేవి, రాత్రుళ్ళు కథల మీద వాదనలు. ఆడపిల్లల బొమ్మల కథకు కొత్త ఊపిరి పోసినవాళ్ళలో చాలామంది ఆ ఇంటి గడప తొక్కినవాళ్ళే. హగియో గారికి 2019లో జపాన్ ప్రభుత్వం సాంస్కృతిక రంగంలో విశేష సేవ చేసినవారికి ఇచ్చే గౌరవం ఇచ్చింది. తకెమియా గారు క్యోటోలో ఒక విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలయ్యారు. మీ అమ్మాయి నాన్నగారికి ఈ రెండు వాక్యాలు చదివి వినిపించండి.

మీ అమ్మాయికి పని వచ్చో రాదో కళ్ళు చూసి తేల్చకండి. కళ్ళు అందరూ గీస్తారు. ఒకే అమ్మాయిని వంద గళ్ళలో, పక్కనుంచి, వెనకనుంచి, ఏడుస్తూ, బస్సు ఎక్కుతూ గీసినా అదే అమ్మాయిలా కనిపించాలి. కష్టం అక్కడ ఉంది. జపాన్‌లో ముందు కథ మొత్తాన్ని చిత్తుగా గళ్ళు గీసి, మాటలు రాసి సంపాదకుడికి చూపిస్తారు. ఆయన ఒప్పుకున్నాకే పెన్సిలు, ఆ పైన సిరాలో ముంచే పాళీ. బట్టల మీద, జుట్టు నీడల్లో కనిపించే బూడిద రంగు నిజానికి చుక్కల కాగితం. దాన్ని సన్నని కత్తితో కోసి అతికించేవారు. ఇప్పుడు చాలామంది ఆ పని కంప్యూటర్లో చేస్తున్నారు.

చేర్యాల పటం మీ అమ్మాయికి ఒకసారి దగ్గరగా చూపించండి. ఎర్రటి నేల మీద కథ గళ్ళు గళ్ళుగా కిందికి దిగుతుంది. గడికీ గడికీ మధ్య పూలతీగ గట్టు వేసినట్టు ఉంటుంది. కథ చెప్పేవాడు పటం విప్పుతూ పోతే ఊరంతా కూర్చుని చూసేది. షోజో పేజీలో ఆ గట్టు తెగిపోతుంది. అమ్మాయి మనసు కలత పడగానే గడి గీతలు మాయమవుతాయి, ముఖం పేజీ అంచుదాకా వచ్చేస్తుంది, ఆమె పైకి అనని మాట బుడగ లేకుండా గాలిలో తేలుతుంది. గట్టు ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తెంపాలి అన్నది తెలియడమే ఆ విద్య. వేసవి సెలవుల్లో పదహారు పేజీల కథ ఒకటి, మొదలు నుంచి చివరిదాకా పూర్తి చేయమనండి. పూర్తయితే నాకు ఒక నకలు పంపండి.

ప్రశ్న: ఫోన్లో కథలు చదివే యాప్ ఒకదానిలో ప్రేమ సీరియల్ రాస్తున్నాను. రోజుకు రెండు భాగాలు. ఒక్కరోజు ఆలస్యమైతే పాఠకులు తిడుతున్నారు. చదివేవాళ్ళు తగ్గితే కథ ముగించేయాలా అని భయం. కుడిచేయి మణికట్టు దగ్గర తిమ్మిరి పడుతోంది. ఇంట్లో చెబితే "కాలక్షేపానికి రాసేదానికి ఇంత బాధ ఎందుకు" అంటున్నారు. (ఒక రచయిత్రి, జమ్మికుంట)

జవాబు: చెల్లెమ్మా, ముందు చేయి సంగతి. డాక్టరుకు చూపించండి, ఈ వారమే. 'ఫ్రూట్స్ బాస్కెట్' గీసిన నత్సుకి తకాయా గారు ఎడమచేతి వాటం మనిషి. కథ సగంలో ఉండగా ఆ గీసే చేయే విరిగి శస్త్రచికిత్స అవసరమైంది, కథ ఆగింది. ఆవిడ తిరిగి వచ్చి పూర్తి చేశారు. ఐ యజావా గారు అనారోగ్యంతో 2009లో 'నానా' ఆపారు. పాఠకులు ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇంగ్లండులో బార్బరా కార్ట్‌లాండ్ ఏడు వందలకు పైగా పుస్తకాలు రాయగలిగారంటే, ఆవిడ సోఫాలో పడుకుని చెబుతుంటే పక్కన కార్యదర్శి రాసుకునేది. మీకు కార్యదర్శి లేకపోయినా, మాట్లాడితే తెలుగులో రాసిపెట్టే సదుపాయం ఇప్పుడు ఫోన్లలో ఉంది. వాడుకోండి. రెండు భాగాలను ఒకటి చేయండి.

పాఠకులు తగ్గితే ముగించాలా అన్న భయానికి ఒక జరిగిన కథ చెబుతాను. జపాన్ పత్రికలు ఏ సీరియల్ నచ్చిందో చెప్పమని పాఠకులను కార్డుల మీద అడుగుతాయి. 1974లో హగియో గారి 'తోమా నో షింజో', అంటే తోమా గుండె, మొదటి భాగం వచ్చినప్పుడు ఆ లెక్కలో అన్నిటికంటే కింద నిలిచింది. త్వరగా ముగించేయమని సంపాదకుడు అడిగారు. ఇంకొన్నాళ్ళు చూడమని ఆవిడ బతిమాలుకున్నారు. అదే సమయంలో ఆవిడ పాత కథ 'పో వంశం' మొదటి సంపుటం పుస్తకంగా వచ్చి, 30,000 ప్రతులు మూడు రోజుల్లో అయిపోయాయి. దాంతో కింద పడిన సీరియల్ కూడా నిలిచింది, ఆ ఏడాది చివరిదాకా ఆవిడ అనుకున్నట్టే నడిచి ముగిసింది. ఇవాళ హగియో గారి పేరు చెబితే ముందు గుర్తుకు వచ్చే వాటిలో అది ఒకటి. ఆ మొదటి వారం కార్డులను నమ్మి ఆపేసి ఉంటే అన్న తలపు వస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కాలక్షేపం అన్నవాళ్ళకు ఏం చెప్పాలో కూడా రాస్తాను. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ 1973లోనే తెర మీదికి వచ్చాయి. అందుకే ఆ యాప్ వాళ్ళతో చేసుకున్న ఒప్పందం మరోసారి తీసి చదవండి. పుస్తకంగా వేస్తే హక్కు ఎవరిది, సినిమా తీస్తే ఎవరిది, వేరే భాషలోకి వెళితే ఎవరిది అన్న మూడూ వెతకండి. జపాన్‌లో పత్రికలో అచ్చయితే పేజీకి ఇంత అని వస్తుంది, అందులోంచే సహాయకుల జీతాలు ఇచ్చుకోవాలి. అసలు నిలకడ సంపుటాలు అమ్ముడుపోతే వచ్చే రాయల్టీలోనే, అది సాధారణంగా ధరలో పదోవంతు. హక్కు చేతిలో ఉన్నవాళ్ళకే ఆ పదోవంతు.

ప్రశ్న: మగవాణ్ణి. ప్రేమ నవల రాశాను. అమ్మాయి పేరుతో వేయించుకుంటే తప్పా? (మహబూబాబాద్)

జవాబు: తప్పు కాదు, కొత్తా కాదు. మన వారపత్రికల్లో రచయిత్రుల సీరియళ్ళు వెలిగిన రోజుల్లో ఎందరో మగవాళ్ళు ఆడపేర్లతో రాశారు. జపాన్‌లో తొలినాళ్ళలో ఆడపిల్లల బొమ్మల కథలు గీసినవారిలో ఎక్కువమంది మగవాళ్ళే, సొంత పేర్లతోనే. ఒసాము తెజుకా 1953లో మొదలుపెట్టిన 'రిబ్బన్ వీరుడు' వాటిలో బాగా పేరున్నది. నా షాపులో పాఠకురాళ్ళు పేరు చూసి పుస్తకం తీసుకునేవారు, నాయిక మాటలు చూసి రెండోసారి తీసుకునేవారు. మీ నాయిక వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఏమనుకుంటుందో మీ అక్కకో భార్యకో చదివి వినిపించి, వాళ్ళు నవ్వకపోతే ఏ పేరైనా పెట్టుకోండి.

ప్రశ్న: మిల్స్ అండ్ బూన్ అంటే ఒకే రచయిత్రా? వాటికీ జపాన్ బొమ్మల కథలకూ సంబంధం ఉందా? (విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: అది ప్రచురణ సంస్థ పేరు. 1908లో లండన్‌లో జెరాల్డ్ మిల్స్, చార్లెస్ బూన్ పెట్టారు. 1971లో కెనడాకు చెందిన హార్లెక్విన్ కొనేసింది. సంబంధం ఉంది: ఆ నవలలను జపాన్ చిత్రకారిణులు 1990ల చివరి నుంచి బొమ్మల కథలుగా గీస్తున్నారు.

హార్లెక్విన్ పేరు వచ్చింది కాబట్టి నోరా రాబర్ట్స్ గారిని తలచుకోకుండా ఉండలేను. 1979 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీలాండ్‌లో మంచు కమ్మేస్తే ఇద్దరు చిన్నపిల్లలతో ఇంట్లో చిక్కుకుపోయి, నోటుబుక్కులో పెన్సిలుతో మొదటి కథ మొదలుపెట్టారు. హార్లెక్విన్ వాళ్ళు తిప్పి పంపారు. తమకు అమెరికా రచయిత్రి ఒకరు ఇప్పటికే ఉన్నారట. ఆ ఒకరు జానెట్ డెయిలీ. 1981లో వేరే సంస్థ రాబర్ట్స్ మొదటి నవల వేసింది, ఆ తరువాత రెండు వందలు దాటాయి. 1997లో అదే జానెట్ డెయిలీ, రాబర్ట్స్ నవలల్లోంచి వాక్యాలు ఎత్తుకున్నానని ఒప్పుకోవలసి వచ్చింది.

ప్రశ్న: నాకు యాభై రెండేళ్ళు. కుట్టుమిషను మీద బతుకుతున్నాను. ఒకప్పుడు మీ షాపులో నవలలు తీసుకున్నదాన్ని. ఇప్పుడు నేనే ఒకటి మొదలుపెట్టాను. మొదటి మూడు ప్రకరణాలు పంపుతున్నాను. ఆలస్యమైందా? (నర్సంపేట)

జవాబు: మీ చేతిరాత చూడగానే పట్టుకున్నాను. చివరి పేజీ మూలన పెన్సిలుతో "ఇది ముందే చదవకండి" అని రాసిపెట్టింది మీరే. అద్దె నవలల్లో చివరి పేజీలు చిరిగిపోతుంటే మైదా జిగురుతో అతికించుకునేదాన్ని. మీరు రాసిన వాటిని మాత్రం ఎవరూ చింపలేదు.

రియోకో ఇకెదా గారు చదువుకునే రోజుల్లో బొమ్మలు పట్టుకుని పెద్ద సంస్థకు వెళితే ఇంకా ఆ స్థాయి రాలేదన్నారు. అప్పుడు ఆవిడ గీసింది అద్దె పుస్తకాల షాపుల కోసం పుస్తకాలు వేసే ప్రచురణకర్తకు. జపాన్‌లోనూ మన షాపులాంటివి ఉండేవి! ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తరువాత 1972లో 'వెర్సాయ్ గులాబీ' మొదలుపెట్టారు. చరిత్ర కథ ఆడపిల్లలు చదవరని సంపాదకులు అన్నా పట్టుబట్టి గీశారు. దేశమంతా చదివింది, రెండేళ్ళలో నాటకంగా రంగస్థలం ఎక్కింది. ఇంత పేరు వచ్చాక, 1995లో, 47 ఏళ్ళ వయసులో సంగీత కళాశాలలో విద్యార్థినిగా చేరి పాట నేర్చుకున్నారు. గాయనిగా వేదికలెక్కారు.

మీ ప్రకరణాలు రెండుసార్లు చదివాను. మొదటిదానిలో ఊరి వర్ణన ఎక్కువైంది, సగం తీసేయండి. మూడోదానిలో ఆమె కాజీపేట జంక్షన్‌లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద టీ చల్లారిపోయేదాకా కూర్చున్న పేజీలు మాత్రం ముట్టుకోకండి. అతను వస్తాడో రాడో నాకు ఇంకా తెలియదు. నాలుగో ప్రకరణం పోస్టు చేయండి. కాగితానికి ఒకవైపే రాయండి.