మహారాష్ట్రలోని సహస్రకుండ్ జలపాతం దగ్గర రాతిలో ఉన్న గుండాలు సింక్‌హోల్సేనా? దిగి ఈదవచ్చా?

సింక్‌హోల్స్ కావు, ఈతకు దిగకండి. సున్నపురాయి నీటికి కరిగి, లోపల ఏర్పడ్డ గుహ పైకప్పు కూలితే ఏర్పడేది సింక్‌హోల్; మెక్సికోలోని యుకటాన్ సెనోటేలు అలాంటివే. ఈ జలపాతం ఉన్న చోట, కిన్వట్ వైపు, నాందేడ్–యవత్మాళ్ జిల్లాల సరిహద్దులో పెన్‌గంగ నది పారేది నల్లటి బసాల్ట్ రాతి మీద. అది అలా కరగదు. వరదలో సుడి తిరిగే గులకరాళ్లే ఆ రాతిని తొలిచి గుండాలు చేస్తాయి. అందుకే అంచులు నున్నగా ఉంటాయి, వాటికి పాచి కూడా పడుతుంది, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగిపోవచ్చు. పైకెక్కడానికి పట్టు దొరకదు. ఈత బాగా వచ్చినవాళ్లకూ అసలు చిక్కు ఇక్కడే. నీళ్లు కదలడం లేదంటే లోతు లేదనుకుంటారు చాలామంది, అది తప్పు. ఎగువన వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా ప్రవాహం పెరుగుతుంది.