దూలగొండి మోటు మాటా?

సందేహం: మాది చంద్రగిరి దగ్గర పల్లె. కంచెల మీద అల్లుకుని, కాయ తగిలితే ఒళ్లంతా దురద పెట్టే తీగను మా అవ్వ దూలగొండి అంటుంది. తిరుపతిలో కాలేజీ వ్యాసంలో అలాగే రాస్తే, మోటుగా ఉంది, దురదగొండి అని మార్చమన్నారు. ఇంటి దూలం నుంచి వచ్చిన మాటని ఇంకొకరన్నారు. ఏది సరి?

సమాధానం: రెండూ సరైనవే, కానీ మీరు మార్చకండి, అవ్వ మాటే ఉంచండి. దూలంతో దీనికేం సంబంధం లేదు. దూల అంటేనే దురద. నోటిదూల, దూల తీరింది అంటాం చూడండి, ఆ దూలే ఇది; తిట్లలో ఎక్కువగా వినబడి వినబడి మనకు మోటుగా తోస్తోందంతే, మాటలో ఏ తప్పూ లేదు. ఇక చివరి 'గొండి' మీకు తెలిసిందే. లంచగొండి, జగడగొండి. ఏది అంటగడితే అదే గుణంగా ఉన్నదని అర్థం. దూలే గుణంగా ఉన్న తీగ కాబట్టి దూలగొండి, ఇంతకన్నా చక్కగా ఎవరు పేరు పెడతారు?

సంస్కృతంలోనూ దురదను బట్టే కపికచ్ఛువు అన్నారు. కపి అంటే కోతి, కచ్ఛువు అంటే దురద. దీనికే ఆత్మగుప్త అనే పేరు కూడా ఉంది, తనను తాను కాపాడుకునేదని. ఆ కాయ మీది నూగును చూస్తే ఆ పేరు నాకు మరీ ముద్దుగా అనిపిస్తుంది. వృక్షశాస్త్రంలో ముకునా ప్రూరియెన్స్ అంటారు, ఆ రెండో మాటకూ లాటిన్‌లో దురద పెట్టేదనే అర్థం. చిత్తూరులో తమిళం తెలిసినవాళ్లు మాత్రం పూనైక్కాలి అంటారు, అంటే పిల్లికాలు. మన తెలుగులోనూ పిల్లిఅడుగు అనే పేరుంది కదా, పక్కపక్క భాషలు రెండూ పిల్లినే చూశాయి.

ఒక్కటి మాత్రం గమనించండి. ఆకు తగిలితేనే చుర్రుమనే ఇంకో తీగ ఉంది, దాన్నీ దూలగొండి, దురదగొండి అనే అంటారు. కాబట్టి మీరు దురదగొండి అని దిద్దినా ఆ తికమక పోదు. మీ అవ్వ చెప్పే తీగకు దురదంతా కాయ నూగులో ఉంటుంది, చిక్కుడు జాతిది, ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. వ్యాసంలో ఆ ఒక్క వాక్యం చేర్చండి, పేరు జోలికి పోకండి.