రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నా బరువు తగ్గట్లేదు, ఏం చేయాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ, మాది ఖమ్మం. నా వయసు 38, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. రెండో బాబు పుట్టాక పెరిగిన బరువు ఇక దిగలేదు. ఐదు నెలల నుంచి రాత్రి అన్నం పూర్తిగా మానేసి కూరతో మూడు చపాతీలు తింటున్నా, పొద్దున్నే పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం తేనె తాగుతున్నా, టిఫిన్ కూడా మానేశా. మొదటి నెలలో నాలుగు కిలోలు తగ్గా, తర్వాత ఆగిపోయి ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చింది, పైగా జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. రోజూ 40 నిమిషాలు నడుస్తా. థైరాయిడ్‌కి 50 మైక్రోగ్రాముల ట్యాబ్లెట్ వాడుతున్నా. ఇంట్లో నలుగురం, నూనె నెలకి ఆరు ప్యాకెట్లు అవుతుంది. మా తోడికోడలు కొర్రలు తినమంటోంది, పక్కింటావిడ ఏదో షేక్ పౌడర్ తెచ్చిచ్చింది, యూట్యూబ్‌లో ఒకాయన నెయ్యి ఎంతైనా తినొచ్చంటాడు, ఇంకొకాయన నూనె చుక్క కూడా ముట్టొద్దంటాడు. ఇక అన్నం తినకూడదా? థైరాయిడ్ ఉంటే బరువు తగ్గరా? దయచేసి చెప్పగలరు.

డాక్టర్ సలహా: అమ్మా, ముందు అన్నం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఓపీలో రోజూ ఎవరో ఒకరు అడిగేది ఇదే. అన్నం తినొచ్చు, రాత్రి కూడా తినొచ్చు. బియ్యానికీ గోధుమపిండికీ క్యాలరీల్లో పెద్ద తేడా ఏం లేదండి, ఏది తీసుకున్నా వంద గ్రాములకి 320 నుంచి 360 మధ్యలోనే ఉంటాయి, గోధుమపిండి పొట్టుతో ఉంటే పీచు కొంచెం ఎక్కువ, అంతే. మీ మూడు చపాతీల లెక్కే వేద్దాం. మన ఇళ్ళల్లో చేసే చపాతీ ఒక్కోదానికి 40 గ్రాముల పిండి పడుతుంది, అంటే 130 క్యాలరీలు, పెనం మీద రెండు వైపులా కలిపి ఒక చెంచా నూనె వేస్తారు కదా, అది ఇంకో 45, మొత్తం 175. మూడు తింటే 525, ఇంకా కూర లెక్కలోకి రాలేదు, చపాతీ అనేసరికి మనకి ఆలుగడ్డ కుర్మానో పనీరో ఉండాల్సిందే. అదే ఇంతకుముందు రాత్రి పూట తినే అన్నం 200 గ్రాములు అనుకుంటే 260 క్యాలరీలు. అంటే అన్నం మానేసి మీరు ఇంకా ఎక్కువే తింటున్నారు, పైగా డైట్ చేస్తున్నాననే నమ్మకంతో. పుల్కాలు నూనె లేకుండా రెండు తింటే అది వేరే లెక్క, కానీ అన్నం మీద ఉన్న కోపంతో చపాతీకి దండం పెట్టనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అన్నం కాదు, ఆరు నూనె ప్యాకెట్లు. లీటర్ ప్యాకెట్లో 910 గ్రాములు ఉంటుంది అనుకుందాం (ఈ మధ్య కొన్నిట్లో 850, 800 కూడా ఇస్తున్నారు, వెనక చిన్న అక్షరాలు చదవండి). ఆరు ప్యాకెట్లంటే ఐదున్నర కిలోలు, నలుగురికి ముప్పై రోజులకి పంచితే తలా ఒక్కరికి రోజుకి 45 గ్రాములు, అంటే 400 క్యాలరీలు పైనే. ఏ నూనె అయినా సరే, రిఫైన్డ్ అయినా గానుగ నూనె అయినా కొబ్బరినూనె అయినా ఆలివ్ ఆయిల్ అయినా గ్రాముకి 9 క్యాలరీలే, నెయ్యి కూడా ఇంచుమించు అంతే, అందులో మీ యూట్యూబ్ ఆయనకి డిస్కౌంట్ ఏమీ ఉండదు. పెద్దవాళ్ళకి పైనుంచి వేసుకునే నూనె నెయ్యి అన్నీ కలిపి రోజుకి 25 నుంచి 30 గ్రాములు చాలు. చుక్క కూడా ముట్టొద్దు అనేది కూడా తప్పే, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి, నూనె లేని కూర వారం తింటారు, ఎనిమిదో రోజు బిర్యానీ ఆర్డర్ పెడతారు. అందుకని ఒకటో తారీఖున నెలకి సరిపడా నూనె నాలుగు లీటర్లు మాత్రమే తెచ్చి పెట్టుకోండి, అయిపోతే మళ్ళీ కొనకండి. కూరలో నూనె డబ్బాతో వంపకుండా చెంచాతో కొలిచి వేయండి, పోపుకి రెండు చెంచాలు చాలు. వేపుళ్ళు వారానికి ఒకటి రెండుసార్లు, మిగతా రోజుల్లో ఉడికించి పోపు పెట్టిన కూరలు. ఆవకాయ మీద తేలే నూనె అన్నంలో కలుపుకునే అలవాటు ఉంటే అది కూడా ఈ లెక్కలోనే అండి, చాలామంది అది పచ్చడి ఖాతాలో రాస్తారు.

ఇంకా మీరు రాయనివి కొన్ని ఉంటాయి, అవి ఎవరూ రాయరు. టీలు రోజుకి ఎన్ని? మూడు టీల్లో రెండేసి చెంచాలు వేస్తే 30 గ్రాముల చక్కెర, పొద్దున తేనె అదనం. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్ఐఎన్ అంటాం, వాళ్ళు 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పైనుంచి వేసుకునే చక్కెర రోజుకి 25 గ్రాములు దాటకూడదు, మీకు ఆ కోటా టీలతోనే అయిపోయింది. తేనె కొవ్వుని కరిగించదు, పెద్ద చెంచాడు తేనెలో 60 క్యాలరీలు ఉంటాయి, బెల్లం కూడా దాదాపు చక్కెరతో సమానం. నిమ్మరసం తాగాలనిపిస్తే ఉప్పూ తేనె లేకుండా తాగండి, హాయిగా ఉంటుంది గానీ బరువుకీ దానికీ సంబంధం లేదు. తర్వాత పిల్లల ప్లేట్లో మిగిలింది పారేయలేక తినడం, టిఫిన్ మానేశాక పదకొండు గంటలకి డబ్బాలోంచి రెండు గుప్పిళ్ళు మిక్చర్, ఇవన్నీ కలిపితే ఒక టిఫిన్ కంటే ఎక్కువే అవుతాయి.

మొదటి నెలలో తగ్గిన నాలుగు కిలోల గురించి బాధపడకండి, అది చాలావరకు కొవ్వు కాదు. ఒక్కసారిగా తిండి తగ్గిస్తే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళు పోతాయి, అందుకే ఏ డైట్ అయినా మొదటి పది పదిహేను రోజులు అద్భుతంగా పనిచేస్తుంది, ఫోటోలు కూడా అప్పుడే పెడతారు. ఒక కిలో కొవ్వు నిజంగా కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు తక్కువ పడాలి, రోజుకి 500 తగ్గించినా పదిహేను రోజులు పడుతుంది. కాబట్టి వారానికి అర కిలో తగ్గితే చాలా బాగా తగ్గినట్టే, ఒక్కోవారం అసలు కదలదు, నెలసరి ముందు కిలో పెరిగి కనిపిస్తుంది కూడా, ఆ వారం బరువు చూసుకుని డీలా పడొద్దు.

జుట్టు ఊడటం మాత్రం సీరియస్‌గా తీసుకోవాలి. గట్టిగా కడుపు మాడ్చుకున్న రెండు మూడు నెలలకి జుట్టు ఇలాగే ఊడుతుంది, అందుకే డైట్‌కీ జుట్టుకీ లింకు ఉందని చాలామందికి తట్టదు, షాంపూలు మారుస్తుంటారు. దీనికి రక్తహీనత, ఐరన్ నిల్వలు తగ్గడం, థైరాయిడ్ అన్నీ తోడవుతాయి. మీ తిండిలో ప్రొటీన్ ఎక్కడుందో నాకు కనిపించలేదు. మీకు రోజుకి కనీసం 50 గ్రాములు కావాలి, బరువు తగ్గేటప్పుడు 60 ఉంటే ఇంకా మంచిది, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మనవాళ్ళు పప్పు తింటున్నాం కదా అంటారు, గిన్నెలో చూస్తే పప్పుచారు నీళ్ళలాగా ఉంటుంది. 30 గ్రాముల కందిపప్పు ముద్దగా వండుకుని మొత్తం మీరే తింటేనే ఆరేడు గ్రాములు వచ్చేది. గుడ్డులో ఆరు, కప్పు పెరుగులో మూడు నాలుగు, 30 గ్రాముల వేయించిన శనగల్లో ఆరు, వండిన చికెన్ వంద గ్రాముల్లో 25 దాకా, సోయాతో చేసే మిల్ మేకర్ ఎండువి 30 గ్రాములు వండితే 15. పల్లీలు కూడా మంచివే కానీ గుప్పెడులోనే 170 క్యాలరీలు ఉంటాయి, టీవీ చూస్తూ సంచి ఖాళీ చేయకూడదు. గుడ్డు పచ్చసొన తీసి పారేస్తున్నారేమో, మీకైతే ఆ అవసరం లేదు, రోజుకో గుడ్డు మొత్తం తినండి.

థైరాయిడ్ విషయం. థైరాయిడ్ తక్కువ పనిచేస్తే బరువు పెరుగుతారు నిజమే, కానీ సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులో కూడా ఎక్కువ ఉప్పూ నీరూ నిలవడం వల్లే, ట్యాబ్లెట్ సరిగ్గా పడి, థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్‌లో ఉంటే మీకూ అందరిలాగే బరువు తగ్గుతుంది. మరి ట్యాబ్లెట్ ఎలా వేసుకుంటున్నారు? నిమ్మరసం తేనె నీళ్ళతో మింగి వెంటనే టీ తాగేస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. లేవగానే మామూలు నీళ్ళతో వేసుకుని గంట సేపు ఏమీ వద్దు, టీ కాఫీ కూడా వద్దు. ఐరన్, క్యాల్షియం ట్యాబ్లెట్లు వాడితే నాలుగు గంటల గ్యాప్ ఉండాలి, మిల్ మేకర్ కూడా మందుకి అడ్డుపడుతుంది, పొద్దున టిఫిన్లో కాకుండా మధ్యాహ్నమో రాత్రో పెట్టుకోండి. ఉడికించిన క్యాబేజీ, గోబీ మామూలుగా తినొచ్చు, వాటి మీద ఉన్న భయం అనవసరం. సన్నబడదామని డోసు సొంతంగా పెంచుకోవడం మాత్రం అస్సలు చేయొద్దు, గుండె దడ, ఎముకలు బలహీనం అవడం తెచ్చుకున్నట్టే.

కొర్రలు తినండి, పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. కానీ కొర్రన్నం కూడా అన్నమే, క్యాలరీలు బియ్యానికి దగ్గరగానే ఉంటాయి, సిరిధాన్యాలు కదా అని రెండు ప్లేట్లు లాగించి బరువు తగ్గలేదేంటండీ అని వచ్చేవాళ్ళని చూస్తూనే ఉన్నాం.

షేక్ పౌడర్ తిరిగి ఇచ్చేయండి. పక్కింటావిడ బాధపడితే డాక్టర్ వద్దన్నాడని నా మీద చెప్పండి. ప్రొటీన్ కావాలంటే గుడ్డూ పప్పూ ఉన్నాయి, సన్నబడే కషాయాలు చూర్ణాల పేరుతో అమ్మేవాటిలో ఏం కలుపుతారో తెలియదు, గుండె ప్రమాదాల వల్ల 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేసిన సిబుట్రమైన్ అనే బరువు తగ్గించే మందు ఇలాంటి హెర్బల్ ప్యాకెట్లలో చాలాసార్లు బయటపడింది. ఇక అందరూ అడుగుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్, అవి నిజంగా పనిచేసే మందులే, కానీ డాక్టర్ చూసి రాయాల్సినవి, ఆపేస్తే బరువు మళ్ళీ వస్తుంది, మీరు ఇంకా వంటింట్లో చేయాల్సింది చాలా ఉంది కాబట్టి ఇప్పుడే అటు చూడొద్దు.

నడక ఆపకండి. కానీ 40 నిమిషాల నడకకి ఖర్చయ్యేది 150 నుంచి 200 క్యాలరీలు, వచ్చేదారిలో బండి దగ్గర రెండు మిర్చి బజ్జీలు తింటే లెక్క అక్కడే చెల్లు. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరిగినట్టు కాదు, పొట్టకి బెల్ట్ కట్టుకుంటే పొట్ట ఒక్కటే తగ్గదు. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి పుషప్స్, నీళ్ళ బాటిళ్ళు ఎత్తడం లాంటివి కలపండి, కండ నిలబడుతుంది.

ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ మీకు 30 వస్తోంది, మన భారతీయులకి 23 దాటితేనే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. కానీ ఒకేసారి 55 కిలోలకి రావాలని పెట్టుకోవద్దు, ముందు 70. అంత తగ్గినా బీపీ షుగర్ మీద తేడా కనిపిస్తుంది. నడుము కూడా టేపుతో కొలవండి, చీర కట్టుకునే చోట కాదు, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, గాలి వదిలాక, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.

రేపటి నుంచి ఇలా చేసి చూడండి. టిఫిన్ మళ్ళీ మొదలుపెట్టండి, రెండు పెసరట్లు తక్కువ నూనెతో, లేదా మూడు ఇడ్లీలు సాంబారుతో, ఒక ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం ప్లేట్లో ముందు కూర వడ్డించుకోండి, సగం ప్లేటు నిండాలి, బీరకాయ సొరకాయ గోంగూర తోటకూర ఏదైనా, ఆ తర్వాత ముద్దపప్పో చికెనో చేపో, మిగిలిన చోట అన్నం, చివర్లో పెరుగు. మళ్ళీ అన్నం పెట్టుకోవాలనిపిస్తే కూర పెట్టుకోండి. సాయంత్రం మిక్చర్ డబ్బా బదులు వేయించిన శనగలో ఒక జామకాయో. రాత్రి ఎనిమిది లోపు రెండు పుల్కాలు లేదా కప్పు అన్నం, మీ ఇష్టం, పప్పూ కూరా మాత్రం మధ్యాహ్నం లాగే.

ఈలోపు హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, టీఎస్‌హెచ్, పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించండి. మీరు షుగర్ మాత్రలు వాడుతున్నట్టు రాయలేదు, ఒకవేళ వాడుతుంటే మాత్రం భోజనాలు మానేయడం ప్రమాదం, షుగర్ పడిపోతుంది. ట్యాబ్లెట్ నేను చెప్పిన పద్ధతిలో వేసుకోవడం మొదలుపెట్టాక ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ మళ్ళీ చేయించి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి మీ డాక్టర్‌కి చూపించండి, డోసు మార్చాలా వద్దా అనేది అప్పుడు ఆయన చెప్తారు.