కుదుళ్ల రంగు చూసి పెట్టుబడులు ఆపేయాలా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం. ఐదు వారాలకోసారి జుట్టుకు రంగు వేయించుకుంటాను. ఈ మధ్య సోషల్ మీడియాలో ఎక్కడ చూసినా ‘రిసెషన్ బ్లాండ్’ (మాంద్యం నాటి బంగారు రంగు జుట్టు) మాటే. ఆడవాళ్లు కుదుళ్లకు రంగు వేయించడం మానేశారంటే మాంద్యం గుమ్మంలోకి వచ్చేసినట్టేనట. నా స్నేహితురాలు ఇది నమ్మి, నెలనెలా ఈక్విటీ ఫండ్లలో వేసే డబ్బు ఆపేసింది. నేనూ ఆపేయాలా? పార్లర్ ఖర్చు తగ్గించుకోవడం మంచిదా?

జవాబు: ఫండ్లు ఆపకండి. పార్లర్ సంగతి మాత్రం కాస్త లెక్క వేసి తేల్చుకోవాలి.

మొదట ఆ జోస్యం సంగతి. ఇలాంటివి మనకు కొత్త కాదు. కష్టకాలంలో పెద్ద కొనుగోళ్లు వాయిదా వేసుకున్న ఆడవాళ్లు ఒక లిప్‌స్టిక్‌తో మనసు సరిపెట్టుకుంటారని 2001లో ఎస్టీ లాడర్ సంస్థ అధిపతి లియోనార్డ్ లాడర్ అన్నారు. అదే పెద్ద సూత్రమైపోయింది. 2020లో ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలినప్పుడు అందరి మొహాలకూ మాస్కులు, లిప్‌స్టిక్ కొనేవాళ్లే తగ్గారు. జుట్టు విషయానికొస్తే ఇంకా తమాషా. జపాన్‌కు చెందిన కావో సంస్థ టోక్యో, ఒసాకా వీధుల్లో మహిళల జుట్టు తీరును ఏళ్ల తరబడి గమనించింది. రోజులు బాగుంటే జుట్టు పొడవు, బాగాలేకపోతే పొట్టి అనే మాట అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది. మరి ‘రిసెషన్ బ్లాండ్’ వాళ్లు చెప్పేదేమిటి? చేతిలో డబ్బు ఆడకపోతే జుట్టును దాని మానాన వదిలేస్తారని. అమెరికాలో డబ్బు పొంగిపొర్లిన 1920లలోనేమో అమ్మాయిలు జడలు తీసేసి మెడ దాకా పొట్టిగా ‘బాబ్’ కత్తిరించుకున్నారు. పెరిగినా మాంద్యమే, కత్తిరించినా మాంద్యమే అనే సూచికను నమ్మి నేనైతే ఒక్క యూనిట్ కూడా అమ్మను.

అలాగని జేబుకీ జుట్టుకీ సంబంధం లేదనను. ఉంది, కానీ అది ఒకవైపే నడుస్తుంది. జీతం పెరగనప్పుడు రెండు సిట్టింగుల మధ్య గడువు పెరుగుతుంది, ఆ తర్వాత అలా పెరిగిన కుదుళ్లకే ఓ అందమైన పేరు పెట్టి ఫ్యాషన్ అంటారు. అంటే జుట్టు చెప్పేది ఇళ్లలో ఇప్పటికే జరిగిపోయిన సంగతి. ఆ మాటకొస్తే నిపుణులూ ఆలస్యంగానే చెబుతారు. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యాన్ని అక్కడి జాతీయ ఆర్థిక పరిశోధన సంస్థ ప్రకటించింది 2008 డిసెంబరులో. అది 2009 జూన్‌లో ముగిసిందని చెప్పింది 2010 సెప్టెంబరులో! మార్కెట్ అయితే 2009 మార్చిలోనే అట్టడుగును తాకి లేవడం మొదలుపెట్టింది. భయంతో ఆపేసి, అంతా బాగుందన్న ప్రకటన కోసం కూర్చున్నవాళ్లకు చవకగా దొరికిన యూనిట్లు చేజారిపోయాయి.

మీరు నెలవారీ పెట్టుబడి తగ్గించాల్సిన సందర్భం ఒక్కటే: ఉద్యోగం ఊగిసలాటలో ఉండి, చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చులకు సరిపడా డబ్బు లేకపోవడం. అప్పుడు ముందు ఆ నిధి నింపండి.

ఇక పార్లర్. అందరూ ఒక్క సిట్టింగ్ ధర చూసి నిర్ణయించుకుంటారు. చూడాల్సింది ఏడాది ఖర్చు. జుట్టు నెలకు సుమారు ఒకటి, ఒకటింపావు సెంటీమీటరు పెరుగుతుంది. ఐదు వారాలకు కుదుళ్ల దగ్గర ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా అసలు రంగు గీత గీసినట్టు కనబడుతుంది. ఆ గీతే మిమ్మల్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెడుతోంది, ఏడాదికి పదిసార్లు. బాలయాజ్‌లో రంగును కుంచెతో కుదుళ్లకు కాస్త కిందనుంచి అద్దుకుంటూ వస్తారు. గీత పడదు కాబట్టి మూడు నాలుగు నెలలు ఆగొచ్చు. ఇప్పటి సిట్టింగ్ ఖర్చు ఒక భాగం అనుకుంటే ఏడాదికి పది భాగాలు. బాలయాజ్ రెట్టింపు ఖరీదైనా, మూడుసార్లకు ఆరు భాగాలు. మధ్యలో రంగుకు మెరుగుదిద్దే టోనర్ కోసం ఒకటిన్నర భాగం వేసుకున్నా పావు వంతు మిగులుతుంది. ఖరీదుగా కనిపించేదే చవక పడిందన్నమాట. మీరు రంగు వేయించుకునేది నెరిసిన వెంట్రుకలు కప్పడానికైతే మాత్రం ఈ లెక్క పనికిరాదు, బాలయాజ్ కుదుళ్లను ముట్టుకోదు. అప్పుడు డెమీ పర్మనెంట్ రంగు గురించి అడగండి. అది మెల్లగా వెలిసిపోతుంది, గీత అంత కొట్టొచ్చినట్టు కనబడదు. తెల్లవెంట్రుకలు మరీ ఎక్కువైతే అది పూర్తిగా కప్పదు.

పొట్టిగా కత్తిరిస్తే ఖర్చు తగ్గుతుందనుకోకండి. పొట్టి జుట్టు ఆకారం నిలబడాలంటే నెలా నెలన్నరకోసారి కత్తెర పడాల్సిందే. ఖర్చు తక్కువయ్యేది పొడవాటి జుట్టుకే.

ఇంట్లో వేసుకోవడం అన్నిటికన్నా చవక. అమెరికాలో క్లెయిరాల్ సంస్థ 1956లో ఇంటి రంగును భారీ ప్రకటనలతో అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ అదే దాని బలం. మీ సహజ రంగుకు దగ్గరగా ఉన్నదైతే నిశ్చింతగా వేసుకోండి. 48 గంటల ముందు చర్మంపై కొద్దిగా రాసి చూడటం మరవొద్దు. ముదురు రంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. బ్లీచ్ మాత్రం ఇంట్లో వద్దు. తేడా వస్తే సరిచేయించడానికి అయ్యే ఖర్చు, మీరు మిగిల్చిందంతా మింగేస్తుంది.

మిగిలే పావు వంతును జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి వెళ్లేలా ఆటో డెబిట్ పెట్టండి. ఖాతాలో కనిపిస్తే అది మరో పేరుతో ఖర్చయిపోతుంది. మీ స్నేహితురాలు ఆపేసిన డబ్బు ఇప్పుడెక్కడ ఉందో కూడా ఒకసారి అడగండి. ఆవిడకు ఆరు నెలల నిధి ఉన్నట్టయితే వచ్చే నెల నుంచే ఫండ్లు మళ్లీ మొదలుపెట్టమనండి.