స్లింగ్ బ్యాగ్ వేసుకుంటే "ఆడవాళ్ల బ్యాగా?" అని ఆఫీసులో ఏడిపిస్తున్నారు, ఏం చేయాలి? – సమాధానం

మీరు సంజాయిషీ ఇస్తున్న కొద్దీ వాళ్లకి ఊపొస్తోందండీ. "జేబులు సరిపోవట్లేదు, అందుకే" అని ప్రతిసారీ చెప్పుకుంటున్నానని రాశారు కదా.

1. కారణాలు చెప్పడం ఆపండి. "అవును, నా బ్యాగే" అని పనిలో పడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మాట మానేసినా, మనుషులు కనబడగానే బ్యాగ్‌ని చంకలో దాచేస్తారు. దాచొద్దు. పట్టీ ఛాతీకి అడ్డంగా వేసి, బ్యాగ్ తుంటి దగ్గర ఆగేలా బిగించండి. ఆర్టీసీ కండక్టర్ తోలు సంచీ అలాగే వేసుకునేవాడు, ఎవరు నవ్వారు?

3. వెనక జేబులోని పర్సు కూడా అందులోకి మార్చండి. లావు పర్సు మీద గంటలకొద్దీ కూర్చుంటే నడుము నుంచి కాల్లోకి దిగే సయాటిక్ నరం నొక్కుకుని కాలు లాగొచ్చు.

4. అయినా ఆగకపోతే, మొదలుపెట్టిన మనిషిని పక్కకి పిలిచి "నాకిది నచ్చట్లేదు" అని సూటిగా చెప్పండి.