విశాఖలో పెద్ద హోటల్ భోజనం: ఎక్కడ అనే ముందు ఎప్పుడు అని అడగండి

విదేశానికి వెళ్లిన ఏడాదికో రెండేళ్లకో తొలిసారి సెలవు మీద విశాఖ వస్తున్నవాళ్లలో చాలామందికి ఒకటే సందేహం. అమ్మానాన్నల్ని, అత్తమామల్ని సముద్రం కనిపించే మంచి హోటల్‌కి భోజనానికి తీసుకెళ్లాలి, ఎక్కడైతే బాగుంటుంది? ఎక్కడ అన్నదానికంటే ముందు ఎప్పుడు అన్నది తేల్చుకోండి. ఇక్కడ పెద్ద హోటల్లో మనం అదనంగా పోసే డబ్బు రెండింటికే: సముద్రానికి, చేపకి. రెండింటికీ వేళలున్నాయి.

మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు అందులోంచి పొడిచి కొండల వెనక్కి వాలుతుంది. కాలిఫోర్నియాలోనో దుబాయ్‌లోనో నీళ్లలోకి దిగే సూర్యుణ్ని చూడటం అలవాటైనవాళ్లు ఇక్కడా రాత్రి ఎనిమిదింటికి కిటికీ పక్క టేబుల్ చెప్పేస్తారు. ఆ వేళకి అద్దంలో కనిపించేది మన మొహాలూ, గదిలో దీపాలూనే. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు గూకిపోతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. హోటళ్లలో రాత్రి భోజనం సాధారణంగా ఏడు, ఏడున్నరకి గానీ మొదలవదు. అందుకే సముద్రం కావాలంటే మధ్యాహ్న భోజనానికి వెళ్లండి, లేదా పొద్దున్నే టిఫిన్ బఫేకి. అమెరికా నుంచి దిగిన మొదటి వారం ఎలాగూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, రాత్రి ఏడింటికే కళ్లు మూతలు పడతాయి. ఆ వారానికి టిఫిన్ బఫేని మించింది లేదు. రాత్రిపూటే వెళ్లాలనుకుంటే పున్నమి చూసుకుని ఆరుబయట టేబుల్ అడగండి. ఆ రోజు పొద్దు గూకే వేళకే చంద్రుడు సముద్రంలోంచి పైకి వస్తాడు, మబ్బు లేకపోతే భోజనం అయ్యేదాకా నీళ్ల మీద వెన్నెల ఉంటుంది.

ఇక చోటు. బీచ్ రోడ్డులో ది పార్క్ 1968 నుంచీ ఉంది. హోటల్ తోటలోంచి నేరుగా ఇసుకలోకి దిగొచ్చు కాబట్టి పిల్లలున్నవాళ్లకి నేను మొదట చెప్పేది అదే. నోవోటెల్‌కీ బీచ్‌కీ మధ్య రోడ్డుంది, ఆదివారం సాయంత్రం ఆ రోడ్డు మీద జనం కిక్కిరిసి ఉంటారు. ఋషికొండ దగ్గర రాడిసన్ బ్లూ ఊరికి దూరం, కానీ ప్రశాంతం. గాజువాక వైపు నుంచి అంత దూరం పెద్దవాళ్లని రాత్రి తిప్పకండి. సముద్రంతో పని లేదు, రైల్వే స్టేషన్‌కి దగ్గరగా నలుగురం కూర్చుని తింటే చాలనుకుంటే డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ ఉండనే ఉంది. ఎక్కడికైనా ఫోన్ చేసినప్పుడు 'సీ వ్యూ' అన్న మాటతో తృప్తి పడకుండా మూడు అడగండి: టేబుల్ ఏ అంతస్తులో, లోపలా ఆరుబయటా, టేబుల్ దాకా లిఫ్ట్ ఉందా మెట్లెక్కాలా. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి మూడో ప్రశ్నే ముఖ్యం. డిసెంబరు 24, 25, 31 రాత్రుల్లో చాలాచోట్ల మెనూ కార్డు ఉండదు, మనిషికింత అని గాలా డిన్నర్ ఒక్కటే ఉంటుంది. ఆ ధర పన్నుతో కలిపా విడిగానా అన్నది ముందే తెలుసుకోండి.

చేప సంగతికి కాస్త ఎక్కువ చెప్పాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. వేసవి సెలవుల్లో పిల్లలతో వచ్చేవాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే దిగుతారు. అప్పుడు పళ్లెంలోకి వచ్చే వంజరం చాలావరకు ఐసులో దాచిందే, వేపితే ముక్క ఎండిపోయి పొడిపొడిగా విడిపోతుంది. ఆ రెండు నెలలూ చెరువు సరుకు అడగండి: వనామీ రొయ్య, పండుగొప్ప, కొరమేను. మిగతా కాలంలో వంజరం, చందువా నిశ్చింతగా తినొచ్చు. రెండింటికీ సన్నముళ్లు తక్కువ కాబట్టి పిల్లలకీ పెద్దలకీ అనువు. పులస గోదావరి వరద నెలల్లో, జులై నుంచి సెప్టెంబరు దాకా దొరికేది. మిగతా రోజుల్లో ఆ పేరు కనిపిస్తే అది సముద్రపు విలసో, ఐసులోదో అయ్యుంటుంది, ఆ ధర పెట్టకండి.

మెనూలో ధర బదులు 'మార్కెట్ రేటు' అని ఉంటే తూకం వేసి చూపించమనండి. పచ్చి చేపని తల, ముళ్లతో సహా తూస్తారు, తినే కండ దాదాపు సగమే. కిలో చేప ముగ్గురికి సరిపోతుంది. పీతల్లో అంతకూడా ఉండదు, కిలోకి పావుకిలో చిల్లరే. కారం తగ్గించి వండే హోటళ్లున్నాయి, 'మన కారమే వేయండి' అని ఆర్డరిచ్చేటప్పుడే చెప్పాలి. రెండు ఇడ్లీలు, కాస్త పెరుగన్నంతో సరిపెట్టుకునే పెద్దలుంటే భోజనానికి బఫే దండగ, మెనూ చూసి తెప్పించుకోండి. కార్తీక మాసంలోనూ, శనివారం నాడూ నీచు ముట్టనివాళ్లు ఇంట్లో ఉంటే ఆ రోజులు తప్పించండి.

బిల్లులో తేడా ఎక్కువ వచ్చేది పన్ను దగ్గర. విడి రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. రోజుకి గది అద్దె ₹7,500 దాటే హోటళ్ల లోపలి రెస్టారెంట్లలో 18 శాతం. ₹5,000 భోజనానికి ఒకచోట ₹250, మరోచోట ₹900. మద్యం జీఎస్టీలోకి రాదు, దానికి వ్యాట్ వేరే. సర్వీస్ ఛార్జ్ అని వేస్తే అది ప్రభుత్వ పన్ను కాదు. దాన్ని బలవంతంగా వసూలు చేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మర్యాదగా తీసేయమనండి, వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అమెరికాలోలా ఇరవై శాతం టిప్పు ఇక్కడ అక్కర్లేదు. ఐదు నుంచి పది శాతం చాలు, అది వడ్డించిన అబ్బాయి చేతికే నోట్లుగా ఇవ్వండి.

విదేశీ కార్డు పెడితే మెషీన్ డాలర్లా రూపాయలా అని అడగొచ్చు. రూపాయలే నొక్కండి. డాలర్లంటే మారకం రేటు మెషీన్ వాళ్లే వేసుకుంటారు, అది మీ బ్యాంకు రేటు కన్నా దండగే. మీ కార్డుకి పిన్ ఉందో లేదో బయల్దేరేముందే కనుక్కోండి.

ఇంకొకటి. టేబుల్ చూపించిన వెంటనే, నాన్నగారు వినకుండా, 'బిల్లు నాకే తీసుకురండి' అని వడ్డించే అబ్బాయికి చెప్పి ఉంచండి. లేకపోతే అలవాటుగా పెద్దాయన ముందే పెడతారు. ఆ అంకె చూశాక, ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన మళ్లీ మీతో బయట భోజనానికి రారు.