పసిఫిక్ దీవుల పాత వర్తకుల, మిషనరీల కాగితాలను ఇక్కడి నుంచే చదవవచ్చా?

పంతొమ్మిదో శతాబ్దంలో ఫిజీ, తాహితీ దీవుల్లో మకాం వేసిన వర్తకులు, మిషనరీల రికార్డులపై పరిశోధన చేయాలంటే లండన్, సిడ్నీ వెళ్లక తప్పదా, ముందుగా ఏది చదవాలి అని అడిగారు. చాలా భాగం ఇంట్లో కూర్చునే చదవవచ్చు. నేను అలాగే చదివాను.

నేను మొదట వెదికింది విశాఖపట్నం ఉత్తరాల కోసం. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ 1805లో విశాఖలో పని మొదలుపెట్టారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1797 మార్చిలో, అదే సంస్థ మనుషులను ‘డఫ్’ అనే ఓడ తాహితీలో దింపింది. ఆ సంస్థ కాగితాలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. కేటలాగులో మన జిల్లాల పేర్లు చూస్తూ చూస్తూ దక్షిణ సముద్రాల, అంటే పసిఫిక్ దీవుల, పెట్టెల దగ్గరికి వెళ్లాను. ఆ తర్వాత వాటిని వదలలేకపోయాను.

మీకు ముందుగా ఉపయోగపడేది ఆస్ట్రేలియా వాళ్లు 1948లో మొదలుపెట్టిన ఉమ్మడి నకళ్ల ప్రాజెక్టు (ఆస్ట్రేలియన్ జాయింట్ కాపీయింగ్ ప్రాజెక్ట్). బ్రిటన్‌లో ఉన్న పసిఫిక్ రికార్డులను దశాబ్దాల పాటు మైక్రోఫిల్మ్ తీశారు. ఇప్పుడవి ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రెండోది కాన్‌బెరాలో 1968లో ఏర్పడిన పసిఫిక్ మాన్యుస్క్రిప్ట్స్ బ్యూరో. దీవుల్లోనూ, ఇళ్లలోనూ పడి ఉన్న వర్తకుల ఖాతా పుస్తకాలు, డైరీలు, అమెరికా తిమింగలాల వేట ఓడల లాగ్‌బుక్‌లు (ఓడలో రోజువారీ రాసే పుస్తకాలు) దీని ఫిల్ముల్లో ఉన్నాయి. కేటలాగును ఎవరైనా చూడవచ్చు.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. వర్తకుల కాగితాలు వేరు, మిషన్ కాగితాలు వేరు అని విడదీసి చదవకండి. ఒక చిన్న దీవిని, కొన్నేళ్ల కాలాన్ని ఎంచుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. ఫిజీలోని వీవా దీవినే తీసుకోండి. మెథడిస్టు మిషనరీ జాన్ హంట్ 1842 నుంచి 1848లో చనిపోయే దాకా అక్కడే ఉన్నాడు. అదే కాలంలో అమెరికాలోని సేలం రేవు నుంచి ‘జోటాఫ్’ ఓడలో కెప్టెన్ వాలిస్ భార్య మేరీ వాలిస్ వచ్చింది. చైనా బజారు కోసం సముద్ర దోసకాయలనే సముద్ర జీవులను సేకరించి, పొగబెట్టి, ఎండబెట్టించడం ఆమె భర్త పని. ఆయన తీరాల వెంట తిరుగుతుంటే ఆమె వీవాలో మిషన్ కుటుంబాల దగ్గర ఉండేది. ఆమె డైరీ 1851లో బోస్టన్‌లో అచ్చయింది. వీవా నాయకుడు వరాని 1845లో క్రైస్తవం స్వీకరించాడు. మిషన్ ఉత్తరాల్లో అది ఎన్నో ఏళ్ల ప్రార్థనకు దక్కిన ఫలం. డైరీలో మాత్రం అతను రోజూ ఎదురుపడే మనిషి. అంతకుముందు 1834లో వీవా దగ్గర ఒక ఫ్రెంచి వర్తక నౌకను పట్టుకున్నారు. అందుకు ప్రతీకారంగా 1838లో డూర్‌విల్ అనే ఫ్రెంచి నౌకాధికారి ఆ ఊరిని తగలబెట్టాడు. అంటే వరానిని అర్థం చేసుకోవాలంటే ఫ్రెంచి నౌకాదళ కథనం కూడా చదవాల్సిందే. అతను స్వయంగా రాసిన కాగితమేదీ నా కంటబడలేదు. పరాయివాళ్లు మూడు రకాలుగా రాసిన దానిలోంచే ఆ మనిషిని వెతుక్కోవాలి. నాకు ఈ పని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే.

మిషన్ కాగితాల్లో వ్యాపారం ఉండదనీ అనుకోకండి. తాహితీ రాజు రెండో పొమారే అండతో 1818లో ఏర్పడిన మిషన్ సంఘానికి జనం చందాలను కొబ్బరి నూనె, పందులు, ఆరారూటు, పత్తి రూపంలో ఇచ్చారు. ఆ సరుకును మళ్లీ ఓడలెక్కించి అమ్మాలి. ఆ లెక్కలు భక్తి నిండిన ఉత్తరాల మధ్యలోనే దొరుకుతాయి.

తేదీల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ‘డఫ్’ ఓడ ఆఫ్రికా కొసను చుట్టి తూర్పుగా వచ్చింది. కాబట్టి తాహితీ మిషనరీల లెక్క, దక్షిణ అమెరికా కొస మీదుగా పడమరకు వచ్చిన ఓడల లెక్కకన్నా ఒక రోజు ముందుండేది. మిషన్ డైరీలోని ఆదివారం, అలా పడమరకు వచ్చిన ఓడ లాగ్‌బుక్‌లో శనివారం అవుతుంది. పసిఫిక్‌లోని సమోవా దీవులు 1892లో ఒక రోజు వెనక్కి లెక్క మార్చుకున్నప్పుడు జులై 4 రెండుసార్లు వచ్చింది.

పేర్లను పాత వర్ణక్రమాల్లోనూ వెదకండి. ఒక్క ఫిజీ రాజు థాకొంబౌ పేరునే రకరకాలుగా రాశారు. కాగితం ఆదా కోసం కొందరు అడ్డంగా రాసిన పేజీనే తిప్పి నిలువుగా మళ్లీ రాసేవారు. అలాంటి పేజీని పెద్దది చేసి, ఒక దిశలోని వరుసలే ముందు పూర్తి చేయండి.

మీ ఆసక్తి 1903 నుంచి మొదలుకొని మద్రాసు నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన మన కూలీల మీదైతే దారి వేరు. వాళ్ల వలస పాసుల్లో తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉంటాయి. సువాలోని ఫిజీ జాతీయ ఆర్కైవ్స్‌ను సంప్రదించాలి.

నోట్సు రాసుకునేటప్పుడు ఫిల్ము నంబరు, పెట్టె నంబరుతో పాటు ఉత్తరం రాసిన తేదీ, వెనుక గుర్తు వేసి ఉంటే లండన్‌లో అందిన తేదీ, రెండూ రాయండి. వాటి మధ్య ఎన్నో నెలలు ఉంటాయి. లండన్ ఇచ్చిన ఆదేశం దీవికి చేరేసరికి అక్కడ ఏమి మారిపోయిందో అప్పుడే తెలుస్తుంది.